అల్లం లేని పులుసు

ఆ ఉదయం కృష్ణవేణి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికల్లా వంజరం చేపల పులుసు దింపాలి. హైదరాబాదు నుంచి వీడియో తీయడానికి వచ్చే వర్షిత ముందు మామగారి నోట ఒక్క మంచి మాట వినాలి. అంతే. అత్తగారు మనోరమ పోయి ఆరేళ్లయింది. అప్పటి నుంచీ కోటేశ్వరరావుగారు రోజూ ఒక చెంచా పులుసు నోట్లో పోసుకుని, కళ్లు చికిలించి, "ఏదో తక్కువైందమ్మాయ్" అంటూనే ఉన్నారు. ఆ ఏదో ఏమిటో ఆయనకూ తెలియదు.

నరసాపురం నుంచి వచ్చి జహీరాబాద్ హైవే పక్కన ఆయన చేపల హోటలు పెట్టి నలభై ఏళ్లు. గుమ్మం మీద అప్పటి బోర్డే ఉంది: "మా పులుసులో అల్లం వేయబడదు." చుట్టూ అల్లం చేలున్న ఊళ్లో ఆ మాట రాయించడానికి గుండె ధైర్యం కావాలి. అల్లం రైతులు అది చదివి, నవ్వుకుని, లోపలికొచ్చి రెండేసి ప్లేట్లు తినిపోయేవారు.

ఆ రోజు కృష్ణవేణికి పడిశం. కషాయానికని అల్లం నూరి స్టీలు డబ్బాలో పెట్టుకుంది. పక్కనే అచ్చం అలాంటి డబ్బాలో వెల్లుల్లి జీలకర్ర ముద్ద. ముక్కు పనిచేసి ఉంటే తేడా తెలిసేది. పులుసు కుతకుతలాడుతుండగా, హోటలు తెరిచిన నాటి నుంచి చేపలు కడుగుతున్న శివమ్మ తలెత్తింది.

"బిడ్డా, ఇయ్యాల అల్లమేసినవా ఏంది?"

కృష్ణవేణి రెండో డబ్బా మూత తీసింది. వెల్లుల్లి ముద్ద పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఏమండీ, మావయ్యగారిని ఒక్క గంట ఆపండి. ఇంకో దాక పెడతాను" అని భర్తను తరిమింది.

హరీశ్‌కు అబద్ధం చెప్పడం రాదు. మొదలుపెడితే ఆపడం అసలు రాదు. "నాన్నా, గ్యాసు అయిపోయింది" అన్నాడు. కోటేశ్వరరావుగారు కుర్చీలోంచి కదలకుండా మూడు ఫోన్లు చేశారు. పది నిమిషాల్లో టీ కొట్టువాళ్లు, బిర్యానీ హోటలువాళ్లు, ఎదురింటివాళ్లు తలా ఒక సిలిండరు దొర్లించుకుంటూ వచ్చారు.

"అదొక్కటే కాదు నాన్నా... చేపలు కూడా రాలేదు."

ఈసారి ఫోను చేపలు పంపే వికాస్‌కు వెళ్లింది. "నలభై ఏళ్ల పరువు తీశావు కదయ్యా!" అని మొదలైన తిట్లు అతను జవాబు చెప్పేలోగానే ముగిశాయి. అరగంటలో ఇరవై కిలోల ఐసుపెట్టె నెత్తిన పెట్టుకుని వికాసే దిగాడు.

"పొద్దుగాల్నే దించిపోయిన గద! రాలేదన్నది ఎవలు? జర నా మొకం చూసి చెప్పుమను!"

అప్పటికే వర్షిత వచ్చి కెమెరా తిప్పుతోంది. పెద్దాయన, ఆయన వెనక వికాస్, వాళ్ల వెనక సిలిండర్లవాళ్లు, అందరూ కలిసి వంటింట్లోకి వచ్చిపడ్డారు. శివమ్మ కొత్త దాకకు ముక్కలు కోస్తోంది, పొయ్యి మీద మొదటి దాక నిండా పులుసు ఇంకా ఉడుకుతోంది.

"గ్యాసు లేదన్నావు, చేపలు లేవన్నావు. మరిదేంట్రా?"

హరీశ్ పైకప్పును శ్రద్ధగా పరిశీలించాడు.

"అది పారబోసేద్దామని, మావయ్యగారూ..." అని కృష్ణవేణి అడ్డం వచ్చేలోగా ఆయన గరిటె ముంచారు. ఒక గుక్క తాగారు. ఇంకో గుక్క తాగారు. కళ్లు చికిలించలేదు, మూసుకున్నారు.

"ఇది మనోరమ పులుసు" అన్నారు. "ఏం వేశావమ్మాయ్?"

"అల్లం. పొరపాటున పడింది. క్షమించండి."

శివమ్మ కత్తిపీట పక్కకు జరిపి లేచింది.

"పొరపాటేంది? మనోరమమ్మ రోజూ ఏసేది. మీ దిక్కుకెళ్లి చేపలు బస్సుల వచ్చేటాల్లకు ఒక దినం పడ్తుండె. నీసు వాసన పోవాల్నని మొదటి వారంల్నే షురూ జేసింది. సార్ చెవుల పడ్డదంటే నీ పని ఖతమని నాతోని ఒట్టేయించుకున్నది."

"అత్తయ్య పోయాకైనా నాకు చెప్పొద్దా శివమ్మా?"

"నువ్వెప్పుడన్న అడిగినవా బిడ్డా? నువ్వు బోర్డు సదివి వండుతుంటివి."

కోటేశ్వరరావుగారు భుజాలు కదిలేలా నవ్వారు. "బోర్డు రాయించింది నేను. వండింది ఆవిడ" అని మూడో గుక్క తాగారు. "ఏమీ తక్కువ కాలేదమ్మాయ్."

కృష్ణవేణి ఆరేళ్లుగా బిగబట్టిన ఊపిరి వదిలింది. దాంతో ముక్కు కూడా వదిలింది. వికాస్ తెచ్చిన ఇరవై కిలోలూ ఆ మధ్యాహ్నమే వండి, సిలిండర్లు తెచ్చినవాళ్లకు పెట్టారు. వికాస్ మూడుసార్లు వడ్డించుకున్నాక శాంతించాడు.

వీడియో ఊరంతా చూసింది. బోర్డు మాత్రం మార్చలేదు. అల్లం బస్తా వెనక గుమ్మం గుండా వస్తోంది.