ఇంకో పది నిమిషాలు ఆగమనండి

ఎండకూ వానకూ తట్టుకోలేక మనిషి ఇల్లు కట్టుకున్నాడని పుస్తకాల్లో రాస్తారు. అది అబద్ధం. లోపల ఏముందో బయటివాళ్లకు తెలియకూడదని కట్టుకున్నాడు. గోడలు అందుకే, తలుపులు అందుకే, కర్టెన్లు అందుకే. ఈ మూడూ చాలవని తేలాక గేటు యాప్ వచ్చింది.

సీలు సారు ఈ సత్యాన్ని బాగా ఎరిగిన మనిషి. ఆయన ఉద్యోగం హోటళ్ల వంటగదులు తనిఖీ చేయడం. తెల్ల రుమాలు పట్టుకుని లోపలికి వెళతాడు, అలమర మీద ఒక్కసారి తుడుస్తాడు, రుమాలు రంగును బట్టి హోటలు భవిష్యత్తు తేలుస్తాడు. ఆ ఏడాది పదకొండు వంటగదులకు సీలు వేశాడు. (పన్నెండోది తప్పించుకుంది. అక్కడ రుమాలు కంటే అలమరే తెల్లగా ఉండటంతో ఆయన మనసు చాలా నొచ్చుకుంది.) ఆయనకున్న లోపమల్లా ఒకటే. ఇంట్లో అడుగుపెట్టాక డ్యూటీ దిగిపోతాడు.

రెండేళ్ల కిందట మాత్రం దిగడం మర్చిపోయాడు. అది అక్క కొత్తిల్లు. అమ్మ పోయాక ఆయనకు తల దువ్వి, జేబులో రుమాలు పెట్టి బడికి పంపిన అక్క. హాల్లో ఆవిడ కొత్త వియ్యపురాలు కూర్చుని ఉంది. ఈయన వంటింటి గట్టు మీద వేలు రాసి, కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూసి, "ఇదే హోటలైతే మూడు రోజులు మూయించేవాణ్ణి" అన్నాడు. అది హాస్యమని ఆయన ఉద్దేశం. వియ్యపురాలు నవ్వింది. అక్క నవ్వలేదు.

"సరేలే నాయనా, మీ ఇల్లు కూడా ఒకరోజు చూద్దాం" అంది.

ఆ తర్వాత ఆవిడ ఫోన్ చేయలేదు, ఈయనా చేయలేదు. తప్పు ఎవరిదో లిఖితపూర్వకంగా తేలలేదు కాబట్టి ఎవరు ముందు చేయాలో ఆయనకు స్పష్టత రాలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మూడుంపావుకు ఫోన్ మోగింది.

"ఒరే, నేనే. మీ ఊళ్లోనే ఉన్నాను. అయిదింటికి బస్సు. మధ్యలో కాస్త టైముంది. రానా?"

"అదేంటక్కా, అడగాలా? వచ్చెయ్."

ఆయన గొంతులోని సంతోషం నిజమైనదే. అది ఫోన్ పెట్టేసి చుట్టూ చూసేదాకా నిలిచింది.

సోఫా మీద ఉతికిన బట్టల గుట్ట ఉంది. దాని కింద సోఫా ఉందన్నది నమ్మకమే తప్ప ఈ మధ్య చూసినవాళ్లు లేరు. భోజనాల బల్ల మీద పాత పేపర్లు, ఛార్జర్ల తీగలు, ఒక స్క్రూడ్రైవరు, వేర్వేరు కాలాలకు చెందిన మూడు టీ కప్పులు ఉన్నాయి. ఫ్యాను రెక్కలకు నూగు వచ్చింది. ఫ్రిజ్ పైభాగం గురించి చెప్పకపోవడమే మర్యాద.

"అక్క వస్తోంది" అన్నాడాయన.

ఆయన భార్య అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. ఆదివారం కూడా ఒక కట్ట ఇంటికి తెచ్చుకుని దిద్దుతోంది. తలెత్తకుండానే, "మంచిదేగా. ఆ గుట్ట కాస్త జరిపితే కూర్చుంటారు" అంది.

"ఆవిడ కూర్చోడానికి రావట్లేదు. తనిఖీకి వస్తోంది."

"అందరూ మీలాగే ఉంటారనుకుంటే ఎలాగండీ?"

ఈ అభిప్రాయాన్ని ఆయన పరిగణనలోకి తీసుకోలేదు. ఇంట్లోని సమస్త వస్తువులనూ అక్కడికక్కడే రెండు రకాలుగా విభజించాడు: కనపడదగినవి, కనపడకూడనివి. మొదటి రకంలో ఒక పూలకుండీ, గోడగడియారం తేలాయి. మిగతా సంసారమంతా పడకగదికి బదిలీ అయింది. బట్టలు మంచం మీదికి, పేపర్లు మంచం కిందికి, కప్పులు బీరువాలోకి వెళ్లాయి. చివరికి తలుపు దగ్గరికి లాగి, సీలు వేసే అలవాటు కొద్దీ టైము చూసుకున్నాడు.

మూడూ యాభైకి ఫోన్ టింగుమంది.

గేటు యాప్ గురించి ఇక్కడ రెండు మాటలు. అపార్టుమెంటుకు ఎవరైనా వస్తే గేటు దగ్గర కాపలా పెద్దాయన వాళ్ల ఫొటో తీసి, ఫారం నింపించి, ఇంటి యజమాని ఫోనుకు పంపుతాడు. అందులో మూడు మీటలుంటాయి: 'రానివ్వండి', 'వద్దు', 'ఆగమనండి'. మూడోది స్నానాల గదిలో ఉన్నవాళ్ల సౌకర్యార్థం ద్వార వ్యవహారాల ఉపసంఘం ప్రవేశపెట్టింది. ఒకసారి నొక్కితే పది నిమిషాలు. ఎన్నిసార్లయినా నొక్కవచ్చు. నొక్కిన ప్రతిసారీ అతిథి కొత్త ఫొటో దిగి, కొత్త ఫారం నింపాలి. (పది నిమిషాల్లో మనిషి మారిపోయే ప్రమాదం ఉందని ఉపసంఘం భావించింది.) ఇంటికి ఒక్క ఫోనుకే అధికారం.

ఫొటోలో అక్క ఉంది. భుజాన సంచి. కెమెరా వైపు కాకుండా కాస్త పక్కకు చూస్తోంది. పేరు కింద 'అతిథి రకం: ఇతరములు' అని ఉంది. డెలివరీ, రిపేరు, వంటమనిషి, ట్యూషను మాస్టారు తర్వాత జాబితాలో మిగిలింది అదొక్కటే.

ఆయన ఫ్యాను వైపు చూశాడు. 'ఆగమనండి' నొక్కాడు.

స్టూలెక్కి రెక్కలు తుడిస్తే నూగంతా అప్పుడే తుడిచిన బల్ల మీద పడింది. బల్ల తుడిస్తే నేల మీద పడింది. నేల ఊడుస్తుండగా నాలుగింటికి రెండో ఫొటో వచ్చింది. అక్క ఈసారి కాపలా పెద్దాయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. సంచి ఒళ్లో పెట్టుకుంది.

"పాపం, ఎండలో కూర్చోబెట్టారు. కిందికెళ్లి తీసుకురండి" అంది భార్య.

"నేను వెళితే ఇక్కడ పర్యవేక్షణ ఎవరు చేస్తారు?"

"ఏం పర్యవేక్షణ? చీపురు మీ చేతిలోనే ఉంది."

ఆయన మళ్లీ నొక్కాడు. కాసేపటికి అక్క నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే ఏదో ఒకటి చెప్పాలి. ఆయన దాన్ని మోగనిచ్చి, ఆగాక ఫోను తుడిచి పెట్టాడు.

నాలుగూ పదికి మూడో ఫొటో వచ్చింది. అక్క లేచి నిలబడి తల పైకెత్తి చూస్తోంది. చూస్తున్నది పక్క బిల్డింగు వైపు.

"ఇంకొక్క పది నిమిషాలు. ఫ్రిజ్ ఒక్కటే మిగిలింది" అని నొక్కేశాడు.

భార్య పెన్ను మూత పెట్టింది. చెప్పులేసుకుని, "నేను తీసుకొస్తాను" అని వెళ్లిపోయింది. ఏడో అంతస్తుకు లిఫ్టు రావడానికి దాని పద్ధతులు దానికున్నాయి.

ఈలోగా ఆయన ఫ్రిజ్ తలను కడిగాడు, నేల తుడిచాడు, నిమ్మకాయ వాసన కొట్టే మందు నాలుగు మూలలా చల్లాడు. చివరికి తెల్ల రుమాలు తీసి ఫ్రిజ్ మీద రాశాడు. అది తెల్లగానే ఉంది. కాపురం పెట్టాక అలా జరగడం ఇదే మొదలు. చూపించాలనిపించింది. ఛాతీ నిండా గాలి పీల్చుకుని 'రానివ్వండి' నొక్కాడు.

'మీ అతిథి గేటు వద్ద లేరు' అంది యాప్. కింద నాలుగో ఫొటో జతచేసింది. అందులో కుర్చీ ఉంది.

భార్య ఒక్కతే తిరిగొచ్చింది.

"అక్కేదీ?"

"వెళ్లిపోయారు. నేను దిగేసరికే వెళ్లారు. బస్టాండుకు ఇక్కణ్ణుంచి అరగంటైనా పడుతుందిగా."

"చూశావా, పది నిమిషాలు ఓపిక పట్టలేదు."

భార్య తళతళలాడుతున్న సోఫాను చూసింది గానీ కూర్చోలేదు. "మూడు ఫారాలూ కాపలా పెద్దాయనే నింపాడట. ఆవిడకు అక్షరాలు కనపడట్లేదట. చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడట."

ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయిదింటి బస్సు ఆస్పత్రి ఉన్న ఊరికట. రేపు కంటి ఆపరేషను. ఆ తర్వాత ఎంత చూపు మిగులుతుందో డాక్టర్లు చెప్పలేమన్నారట. వచ్చిన పనేంటని అడిగితే, 'మా తమ్ముడి ముఖం ఒకసారి చూసి వెళదామని' అన్నారట. ఫారంలో అంత చోటు లేదు. 'మా తమ్ముడి ముఖం' అని ఉంది. నేను చూశాను."

ఆయన అక్కకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. ఇప్పుడు పరుగెత్తినా బస్సు అందదు. నిమ్మకాయ వాసనకు కళ్లు మండుతున్నాయి. తప్పెక్కడ జరిగిందో ఆయనకు తెలియదు. కానీ ఇలాంటిది జరిగిందంటే ఎక్కడో ఎవరో నిబంధన పాటించలేదన్నది మాత్రం తెలుసు. ఇంటర్‌కమ్ తీశాడు.

"నా అతిథిని నన్నడక్కుండా ఎలా పంపించావయ్యా? నా పర్మిషను తీసుకోవాలని తెలియదా?"

అవతల కాపలా పెద్దాయన కుర్చీ పక్కకు జరిపిన చప్పుడైంది.

"పర్మిషను లోపలికి రావడానికే సార్. వెళ్లిపోవడానికి ఎవరిదీ అక్కర్లేదు."