గుండ్లమిట్టలో నిప్పు నిషేధం

"ఎండలు తగ్గేదాకా గుండ్లమిట్ట మండలంలో ఎవరూ ఆరుబయట నిప్పు రాజేయరాదు. ఇండ్ల ముందర తలకాయలు, కాళ్లు, సీకులు, కోళ్లు, కాల్చదగిన ఇతర పదార్థాలు ఏవీ కాల్చరాదు. ఇది ప్రజల ప్రాణరక్షణ కోసం తీసుకున్న చారిత్రాత్మక నిర్ణయం!"

మండలాధ్యక్షులు శ్రీ పెద్దోబన్న గారు మైకులో ఈ మాటలు అంటున్నప్పుడు నేను వేదిక పక్కన విలేఖరుల కుర్చీలో ఉన్నాను. మండలం మొత్తానికి విలేఖరిని నేనొక్కణ్ణే కాబట్టి కుర్చీ కూడా ఒక్కటే వేశారు. అగ్ని నివారణ వారోత్సవాలను అంతకుముందే ఆయన జ్యోతి వెలిగించి ప్రారంభించారు. అనుచరులు స్వాగతంగా టపాకాయలు కూడా కాల్చారు. ఒక నిప్పురవ్వ షామియానా మీద పడి రూపాయి బిళ్లంత చిల్లి పెట్టింది. ఆ చిల్లిలోంచి సరిగ్గా అధ్యక్షుల వారి ముఖం మీద ఎండ పడింది. ఆయన లెక్కచేయక ప్రసంగం కొనసాగించారు. నాయకుడంటే అలా ఉండాలి.

మా గుండ్లమిట్ట ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ నడుమ ఉంటుంది. ఆ ఏడు ఉగాదికి ముందే ఎండలు ముదిరాయి. పెన్నలో ఇసుక తప్ప ఇంకేమీ పారడం లేదు. మండలంలో రెండు వర్గాలున్నాయి. ఒకటి పెద్దోబన్న గారిది, ఇంకొకటి లింగమూర్తి గారిది. మూడో వర్గం పెట్టుకోవడానికి మాకు జనాభా చాలదు. ఇద్దరికీ చెరొక పార్టీ ఉంది గానీ, ఎలక్షన్ల ముందర ఒకరి పార్టీలోకి ఒకరు మారుతుంటారు కాబట్టి ఆ పేర్లు రాసినందువల్ల పాఠకులకు ఒరిగేదేమీ లేదు.

నిషేధం ఆ రోజే అమల్లోకి వచ్చింది. అమలు అఖ్తర్ బీతో మొదలై, అఖ్తర్ బీతోనే ముగిసింది.

అఖ్తర్ బీ సంతవీధిలో ఉంటుంది. ఆదివారం మటన్ తెచ్చుకున్నవాళ్లు తలకాయ, కాళ్లు ఆమె వాకిట్లో పెట్టి పోతారు. ఆమె బొగ్గుల పొయ్యి మీద బొచ్చు కాల్చి, గీకి, ముక్కలు కొట్టి ఇస్తుంది. దావత్‌లకు ఇనుప చువ్వలకు మాంసం ముక్కలు గుచ్చి సీకులు కాల్చేదీ ఆమే. బయట ఆ పొయ్యి మండితేనే లోపల ఆమె వంటపొయ్యి మండుతుంది. మనిషి గట్టిది, నోరు అంతకంటే గట్టిది.

పెద్దోబన్న గారు స్వయంగా ఒక కడవ నీళ్లు ఎత్తి ఆ పొయ్యి మీద పోశారు. ఆ కడవ ఆమెదే. ఫోటో సరిగా రాలేదని నేను మనవి చేసుకుంటే, ఆమెతో మళ్లీ అంటింపజేసి, రెండో కడవ కూడా పోశారు. అదీ ఆమెదే.

"పక్కన రెండు కడవల నీళ్లు పెట్టుకోకుండా నేను ఎన్నడూ అగ్గిపుల్ల గీసింది లేదన్నా," అంది అఖ్తర్ బీ. "నా పొయ్యి వల్ల ఎవురి గడ్డి కాలింది, ఎవురి గుడిసె కాలింది?"

"కాలినాక చేసేది నివారణ కాదు అఖ్తర్ బీ. కాలకముందే చేయాల."

"ఎండలు తగ్గేదాకా అంటివి. మన ఊర్లో ఎండలు ఎప్పుడు తగ్గినాయో చెప్పు."

"ప్రజల కోసం త్యాగం చేయాల."

"చేస్తా. నువ్వేం త్యాగం చేస్తాండావో చెప్పు, నేనూ అదే చేస్తా."

"సూడు, ఇంత ఎండలో మీ ఇంటిదాకా నడిసొస్తిని!"

జనం చప్పట్లు కొట్టారు. అఖ్తర్ బీ తడిసిన బొగ్గులు ఏరి ఎండలో ఆరబెట్టుకుంది. ఎండ అక్కడైనా ఉపయోగపడింది.

వారోత్సవాలు ఇంకా ముగియకముందే మంత్రిగారి కబురు వచ్చింది. పులివెందులలో మీటింగు చూసుకుని, ముద్దనూరు మీదుగా మధ్యాహ్నం భోజనానికి పెద్దోబన్న గారింటికి వస్తారట. రాబోయే ఎలక్షన్లలో ఎమ్మెల్యే టికెట్టు ఎవరికనేది ఆ భోజనం మీద ఆధారపడి ఉందని మండలంలో కోళ్లకు కూడా తెలుసు. మంత్రిగారికి సీకులంటే ప్రాణం. వేరేచోట కాల్చి తెస్తే ముట్టరు. పొగ ముక్కుకు తగలాలి, చూస్తుండగా కాలాలి, కాలుతుండగా తినాలి.

పెద్దోబన్న గారు సంకటంలో పడ్డారు. ఒకపక్క ఆయన చేసిన చట్టం, ఇంకొకపక్క ఆయనకు రావలసిన టికెట్టు. ఈ సంకటం నుంచి ఆయనను బయటపడేసిన మేధావి వేదవ్యాస గారు. ఈయన హైస్కూలులో తెలుగు పండితులు. డెప్యుటేషన్ మీద అధ్యక్షుల వారి ప్రసంగాలు రాస్తూ వారింట్లోనే ఉంటారు. పిల్లలకు సమాసాలు ఎవరు చెబుతున్నారో నాకు తెలియదు.

"మన నిషేధం ఆరుబయట నిప్పు మీద కదా," అన్నారు వేదవ్యాస గారు. "పైన కప్పు వేస్తే అది ఆరుబయట ఎట్లవుతుంది? కాబట్టి కప్పు వేసి కాలుద్దాం."

అంతే! పెరట్లో గడ్డివామి పక్కన నాలుగు గుంజలు పాతి, పైన బోద పరిచారు. బోదంటే గుడిసెల మీద కప్పే గడ్డి. పోయినేడు కోసిందేమో, ముట్టుకుంటే పొడి రాలేలా ఎండి ఉంది. వామి పక్కనే ఎందుకయ్యా అని అడిగితే, అక్కడైతే గాలి బాగా వస్తుందన్నారు. చట్టాన్ని ఇంత శ్రద్ధగా పాటించిన నాయకుణ్ణి నేను మళ్లీ చూడలేదు.

అఖ్తర్ బీని పిలిపించారు. ఆమె వచ్చి, ముందు పైకి చూసింది.

"బోద కింద అగ్గా? బుద్ధి యాడ పెట్టినారప్పా?"

"చట్టం ప్రకారం పోతాండాము," అన్నారు పెద్దోబన్న గారు.

"అది పీకేసి ఆకాశం కింద పెట్టండి, కాలుస్తా."

"ఆకాశం కింద పెడితే నేరమైతాది."

"సరే, నీళ్లు యాడ?"

నీళ్లు లేవు. వారోత్సవాల కోసం తెప్పించిన ఫైరింజను ఆ పొద్దున్నే అధ్యక్షుల వారి బోరు నీళ్లన్నీ తోడుకుని ముద్దనూరు రోడ్డుకు పోయింది. మంత్రిగారి కార్ల వెనక దుమ్ము లేవకుండా రోడ్డంతా తడపాలని అధ్యక్షుల వారి ఆజ్ఞ.

"ఫైరింజనే వస్తాంటే నీకు కడవలెందుకు?" అన్నారు పెద్దోబన్న గారు. "బాగా కాల్చినావంటే నీ పొయ్యికి మినహాయింపు ఇస్తా. కాదంటివా, ఇంక ఈ జన్మకు దాన్ని అంటించేది లేదు."

అఖ్తర్ బీ బొగ్గులు పేర్చింది. తర్వాత దేవుణ్ణి తలుచుకుని అగ్గిపుల్ల గీసింది.

మంత్రిగారు దిగారు. పూలదండలు పడ్డాయి. పొగ ముక్కుకు తగిలింది. "ఆహా! ఈ కరువు సీమలో ఇంత వాసన!" అన్నారాయన. మొదటి సీకు పళ్లెంలో పడింది. రెండోది పడబోతుండగా పెన్న వైపు నుంచి గాలి ఒక్కసారి విసిరింది. బొగ్గుల మీది కొవ్వుమంట పైకి లేచి బోదను అందుకుంది. బోద వామిని అందుకుంది. ఆ తర్వాత ఎవరు దేన్ని అందుకున్నారో నేను చెప్పలేను. నేనప్పటికే గేటు బయట ఉన్నాను.

ఫైరింజను సమయానికే వచ్చింది. సిబ్బంది ఉరికి పైపు లాగారు. పైపులోంచి గాలి వచ్చింది. ఆ గాలికి మంట ఇంకాస్త చక్కగా మండింది. మనుషులకూ పశువులకూ ఏమీ కాలేదు. వామి మాత్రం చీకటి పడేదాకా కాలి, అగ్ని నివారణ వారోత్సవాలకు నిండుదనం తెచ్చింది.

పెద్దోబన్న గారు బూడిద మీద నిలబడి విలేఖరుల సమావేశం పెట్టారు. కుర్చీ కాలిపోయినందువల్ల నేనూ నిలబడే రాసుకున్నాను.

"మంత్రిగారి మీద జరిగిన కుట్ర ఇది. లింగమూర్తి వర్గమే నా వామికి అగ్గి పెట్టింది. ప్రత్యక్ష సాక్షి అఖ్తర్ బీ."

"నేనా?" అంది అఖ్తర్ బీ.

"అవును, నువ్వే. వాళ్లను చూసినావు. చూసినావంటే నీ పొయ్యికి అడ్డం లేదు."

రెండో పక్షం మాట కూడా రాయడం పత్రికా ధర్మం. లింగమూర్తి గారి కోసం వెదికితే, ఆయన ప్రొద్దుటూరులో పన్ను పీకించుకుని అప్పుడే ఇల్లు చేరారు. బుగ్గ బూరెలా ఉబ్బి ఉంది. విషయం చెప్పగానే నిజంగానే ఆశ్చర్యపోయారు.

"నేనా? నేను పొద్దుటి నుంచి పండ్ల డాక్టరు దగ్గరుంటినే!"

పక్కనున్న అనుచరుడు వెంకటేశు కంగారుపడ్డాడు. "గమ్మునుండన్నా! మనం కాదంటే మండలంలో మనకు ఇజ్జత్ ఏముంటాది? మంత్రి ఉండంగానే వామి కాల్చినారని జనం మనల్ని శానా గొప్పగా చెప్పుకుంటాండారు."

లింగమూర్తి గారు బుగ్గ పట్టుకుని ఆలోచించారు. తర్వాత నా వైపు తిరిగి గంభీరంగా అన్నారు. "రాసుకో. చేయించింది నేనే."

"మరి ఈ బుగ్గ?"

"ఆ కొట్లాటలోనే వాచింది. అది కూడా రాయి."

ఇక్కడ బయటి జిల్లాల పాఠకులకు ఒక మాట చెప్పాలి. మా వైపు కేసులో పేరు ఉండటం ఒక హోదా. ఏ1 అంటే మొదటి ముద్దాయి. ఏ1కు టీకొట్లో బెంచీ మీద చోటిస్తారు, పెండ్లిలో ముందు వరసలో విస్తరి వేస్తారు. ఏ7ను ఎవరూ పలకరించరు. అందువల్ల లింగమూర్తి గారి ఇంట్లో ఆ రాత్రే గొడవ మొదలైంది. ఏ1 తనదేనని వెంకటేశు. కాదు తనదేనని చిన్నసుబ్బయ్య. చిన్నసుబ్బయ్యది గొర్రెల మంద ఉన్న ఇల్లు. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ.

"పోయిన కేసులో నన్ను ఏ5 చేస్తిరి. నా పెండ్లామే నవ్వె," అన్నాడు చిన్నసుబ్బయ్య.

ఏ1 ఎవరో తేల్చేది సాక్షి. సాక్షి అఖ్తర్ బీ. మరుసటి రోజు వెంకటేశు ఒక పొట్టేలు తలకాయ తీసుకుని ఆమె వాకిట్లోకి పోయాడు.

"అత్తా, ఇది కాల్చి పెట్టు. ముందు నన్నే చూసినావు కదా?"

"చూసినాలేప్పా. కాళ్లు తేలేదే?"

ఆ తర్వాత చిన్నసుబ్బయ్య రెండు తలకాయలు, ఎనిమిది కాళ్లతో పోయాడు. ముందు చూసింది అతణ్ణే అని ఆమె ఒప్పుకుంది. పొయ్యి మిట్టమధ్యాహ్నం కూడా భగభగ మండుతోంది. నిషేధం ఏమైందని వేదవ్యాస గారిని అడిగాను. "సాక్షి పొయ్యి ఆర్పితే సాక్ష్యం ఆరిపోతుంది," అన్నారాయన. పండితులు పండితులే.

విచారణ రోజు ఎస్సై గారు పెద్దోబన్న గారి పెరట్లో కుర్చీ వేసుకున్నారు. పరామర్శ కోసం మంత్రిగారు మళ్లీ పులివెందుల వైపు నుంచే వచ్చి ఆయన పక్కన కూర్చున్నారు. లింగమూర్తి గారు, ఆయన వర్గం తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని, అరెస్టుకు సిద్ధమై వచ్చారు. అఖ్తర్ బీ ఒకసారి వెంకటేశును చూసింది, ఒకసారి చిన్నసుబ్బయ్యను చూసింది. ఒకరి పేరు చెబితే ఇంకొకరి ఇంటి తలకాయలు ఇక తన వాకిలి తొక్కవని ఆమెకు తెలుసు. కొంగు దోపుకుంది.

"మంట లేసినప్పుడు ఆడినుంచి ఉరికినోళ్లల్లో ముందు ఎవురిని చూసినావు?" అన్నారు ఎస్సై గారు.

ఆమె మంత్రిగారి వైపు వేలు చూపింది. "ఈ సారును. పళ్లెం కూడా ఇడిసిపెట్టలేదు."

మంత్రిగారు దగ్గారు. ఎస్సై గారి పెన్ను ఆగింది.

"సారును పక్కన పెట్టి చెప్పు."

"సారును పక్కన పెడితే పెద్దోబన్న."

"ఆయన్నూ పక్కన పెట్టు!"

"అప్పుడు వేదవ్యాస సారు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోనుండె."

"ఆయన్నూ తీసెయ్!"

"ఇంక మిగిలింది నేనే. అగ్గి అంటించింది కూడా నేనే. రాసుకోప్పా."

చిన్నసుబ్బయ్యకు కండ్లలో నీళ్లు తిరిగాయి. వెంకటేశు మాత్రం ఊరుకోలేదు. "ఇదేం న్యాయం సార్! ఏ1 నుంచి ఏ4 దాకా అన్నీ వాళ్లకేనా? ఇన్నేండ్లు కేసుల కోసం కష్టపడింది మేము, పేర్లు వాళ్లవా?"

లింగమూర్తి గారు లేచి, తన వర్గానికి అన్యాయం జరిగితే రాస్తారోకో చేస్తానని హెచ్చరించారు. పెద్దోబన్న గారు చెమట తుడుచుకున్నారు. అప్పుడు మంత్రిగారు చెయ్యెత్తారు. అనుభవం అంటే ఏమిటో నేనక్కడ చూశాను.

"వామికి అగ్గి ఎవరూ పెట్టలేదు. ఎండకు దానంతట అదే అంటుకుంది. ముద్దాయి ఎండ."

"ఎండ ఎవురి వర్గం?" అన్నారు లింగమూర్తి గారు.

"రెండు వర్గాలదీ."

ఇద్దరు నాయకులూ చేతులు కలిపారు. నేను ఫోటో తీశాను. కాల్చింది ఎండ అని తేలాక నిప్పు నిర్దోషి కదా. పెద్దోబన్న గారు అక్కడికక్కడే నిషేధం ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. "నా పొయ్యి మాట మళ్లీ ఎత్తవు కదా?" అని అఖ్తర్ బీ అడిగితే, అంతమంది ముందర ఎత్తనని మాట ఇచ్చారు.

మంత్రిగారు గొంతు సవరించుకున్నారు. "ఆ పొద్దు ఒక్క సీకు కూడా సరిగా తిననియ్యలేదు..."

"కాల్చు అఖ్తర్ బీ!" అన్నారు పెద్దోబన్న గారు.

"కాలుస్తా. ఆకాశం కిందనే కాలుస్తా," అందామె. బొగ్గులు పేర్చింది, సీకులకు ముక్కలు గుచ్చింది, అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంది. "రెండు కడవల నీళ్లు తెచ్చి ఈడ పెట్టండి."

నలుగురు మనుషులు బోరు దగ్గరికి ఉరికారు. ఇద్దరు ఇంట్లోకి పోయారు. అందరూ ఖాళీ కడవలతో తిరిగొచ్చారు. గేటు దగ్గర ఫైరింజను నిలబడి ఉంది. దాని డ్రైవరు ట్యాంకు మీద చేత్తో రెండు దెబ్బలు కొట్టి చూపించాడు. డప్పులా మోగింది.

అఖ్తర్ బీ అగ్గిపెట్టెను కొంగున ముడేసుకుని పొయ్యి ముందు కూర్చుంది. మంత్రిగారు పళ్లెం పట్టుకుని ఆమె ఎదురుగా కూర్చున్నారు.

ఒక్కమాట మాత్రం ఒప్పుకోవాలి. ఆ రోజు కూడా ముద్దనూరు రోడ్డు మీద మంత్రిగారి కార్ల వెనక ఇంత దుమ్మైనా లేవలేదు.