సోములమ్మ చెలమకు పట్టిన యోగం

ఒక పెద్ద అడవిలో నీళ్లకు తప్ప దేనికీ కొరత లేదు. కమిటీలైతే చెట్టుకొకటి చొప్పున ఉండేవి.

ఆ వేసవిలో వాగు ఎండిపోయింది. సోములమ్మ అనే ఏదుపంది ఇద్దరు పసికూనలను వెంటేసుకుని, ముక్కుకు తడివాసన తగిలిన చోట ఇసుక తవ్వి చెలమ తీసింది. చల్లటి ఊట పడింది. అందరూ వచ్చి తాగారు. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: తాగేముందు తలా దోసెడు ఇసుక తీసి అవతల పోయాలి. అలా తీస్తూ ఉంటేనే చెలమ పూడదు. కుందేలు తీసింది, దుప్పి తీసింది. వానలదాకా పిల్లలకు గండం గడిచినట్టేనని సోములమ్మ మనసు కుదుటపడింది.

సంతోషం పట్టలేక కనబడిన వాళ్లకల్లా చెప్పింది. అదే ఆవిడ చేసిన తప్పు.

నాలుగో రోజున కమిషనరు ఏనుగు దిగాడు. పక్కన ప్రొఫెసరు గుడ్లగూబ, వెనకాల వ్యాపారి ఉడుము.

"శభాష్ సోములమ్మా! ఇది గ్రామీణ ఆవిష్కరణ. ఇకమీదట దీని సంగతి మేం ముగ్గురం చూసుకుంటాం," అన్నాడు ఏనుగు.

"మీకెందుకు బాబూ అంత శ్రమ? తలా దోసెడు ఇసుక తీస్తే చాలు," అంది సోములమ్మ.

వినేదెవరు? ఒప్పందం మీద మూడు పాదముద్రలు పడ్డాయి. నాలుగోదానికి చోటు చాల్లేదు. చెలమ చుట్టూ కంచె లేచింది. దానికి కావలసిన ముళ్లు మాత్రం సోములమ్మ వీపునుంచే పీక్కున్నారు.

"ఇసుక ప్రభుత్వానిది. అనుమతి లేకుండా తీయరాదు," అన్నాడు ఏనుగు.

"నా అధ్యయనం పూర్తయ్యేదాకా ఒక్క రేణువూ కదపకూడదు," అన్నాడు గుడ్లగూబ, కళ్లు మూసుకునే. పగటి సమావేశం కదా, ఆయనకది నిద్రవేళ.

"తాగడానికొచ్చిన వాళ్లచేత పని చేయిస్తామా? ఏం మర్యాద! ఇసుక తీసే యంత్రం నేను పంపిస్తాగా," అన్నాడు ఉడుము. ఆ యంత్రం ఇంకా తయారుకాలేదు.

"అయ్యా, పూడిపోతుంది! నా పిల్లలు దాహంతో చచ్చిపోతారు!" సోములమ్మ కాళ్లావేళ్లా పడింది.

"లబ్ధిదారులు చివర్లో మాట్లాడాలి," అన్నాడు ఏనుగు.

ఐదు రోజులు ఎవరూ ఇసుక ముట్టలేదు. అంచులు మెల్లగా జారసాగాయి. ఆరో రోజు ప్రారంభోత్సవం. కమిషనరు అంచున నిలబడి ఉపన్యాసం ఎత్తుకున్నాడో లేదో, ఒడ్డు విరిగి చెలమలో కూలబడ్డాడు. ఊట కాస్తా మూసుకుపోయింది.

వారంలో నివేదిక వచ్చింది. తప్పంతా స్థానికుల అవగాహనా లోపానిదట. చెలమ ఎలా తవ్వాలో సోములమ్మకు శిక్షణ ఇప్పించాలట.

అప్పటికే ఆవిడ అక్కడ లేదు. ఏడుపు దిగమింగుకుని, పిల్లలతో రెండు మలుపులు దిగువకు పోయి మళ్లీ తవ్వుకుంది. కుందేలూ దుప్పీ చప్పుడు చేయకుండా వచ్చి, తలా దోసెడు ఇసుక తీసి తాగిపోతున్నాయి.

ఒకరోజు అటుగా పోతూ ఉడుము ఆగాడు. "ఏమిటమ్మా తవ్వుతున్నావు?"

"పెంటగొయ్యి, బాబూ. మీ ముగ్గురూ వచ్చి ప్రారంభిస్తారా?"

ఉడుము ముక్కు మూసుకుని వెనక్కి చూడకుండా పోయాడు.

నీతి: నీళ్లు పడితే పదిమందికీ చెప్పండి, ఆ పదిమందిలో ఒక్కరికీ కుర్చీ లేకుండా మాత్రం చూసుకోండి.