శత్రువు కళ్ళలోకి చూసిన మంత్రిగారు

"ఏదో ఒకటి జరిగి తీరుతుంది, చూస్తూండు," అన్నాను మా ఆయన హంబిస్‌తో. టీవీలో మంత్రిగారు ఇంకా గొంతు సవరించుకుంటున్నారు.

"ఆయన నోరే తెరవలేదు కదే," అన్నాడు హంబిస్.

తెరిచారు. "ఈ ఆదివారం నేను స్వయంగా పాలియోమిలోస్ సరిహద్దుకి వెళ్తున్నాను. మన నేలని తొక్కుతున్న పరాయి సైనికుడి కళ్ళలోకి సూటిగా చూస్తాను. చూసి, ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను!"

పాలియోమిలోస్ మా ఊరే. అక్కడి సరిహద్దు గదిలో తుపాకీ పట్టుకుని కాపలా ఉన్నది మా అబ్బాయి లోయిజోసే. నాకు వాడొక్కడే. మంత్రి ప్రోద్రోమోస్ గారి ధైర్యం గురించి పత్రికలు రాయడం మానేస్తాయేమోనన్న భయం తప్ప, మిగతా భయాలన్నీ నన్ను పట్టుకున్నాయి.

గీత గీసి రెండుగా చీల్చిన మా సైప్రస్ దీవిలో పరాయి సైన్యం ఏదని ఎవరినైనా అడిగితే, "నువ్వు గీతకి ఏ పక్క వాడివి?" అని ఎదురడుగుతారు. మంత్రిగారు అలా తడబడే మనిషి కాదు. ఆయన కంటికి టర్కీ సైన్యం ఒక్కటే ఆనుతుంది. దీవిలోనే ఉన్న బ్రిటిష్ సైనిక స్థావరంలో బావమరిది క్యాంటీన్ నడుపుతున్నాడు గనక, అటువైపు చూపు కాస్త మందం.

చిక్కల్లా ఒక్కటే. ఎదురుగుట్ట మీది టర్కీ వాళ్ళ కాపలా గదిలో సైనికుడు లేడు. కప్పు కారుతోందని చలికాలంలోనే ఖాళీ చేసి గుట్ట వెనక్కి పోయారు. ఊరంతటికీ తెలుసు. మంత్రిగారితో చెప్పే ధైర్యం ఎవరికుంది?

మా ఊరి పార్టీ కార్యదర్శి తోఫిస్, మా పెళ్ళికి తోడుపెళ్ళికొడుకు, తిన్నగా రెండు సైన్యాల మధ్య కాపలా కాసే ఐక్యరాజ్యసమితి ఆఫీసరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన ఆ వేళ మావాడి కాపలా గది ముందే నిలబడి ఉన్నాడు. నేను లోయిజోస్‌కి క్యారేజీ విప్పి పెడుతున్నాను.

"ఆదివారం ఒక్క గంట, ఒక్క శత్రు సైనికుణ్ణి ఏర్పాటు చేయించాలి సార్."

ఆఫీసరు నీలి టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఇన్నేళ్ళూ తగ్గించమని అడిగేవాళ్ళే వచ్చారు. పెంచమని అడగడం మీరే మొదలు. మా రూల్సులో దీనికి దారి లేదు."

తోఫిస్ మంత్రిగారికి ఫోన్ చేశాడు. ఆయన గొంతు ఫోన్లోంచి బయటికి పొర్లింది. "ఎవడైతే నాకేంటయ్యా! గుట్ట మీద ఒకడు నిలబడాలి, అంతే. టీవీ వాళ్ళొస్తున్నారు. ఇది నా ఆర్డర్!"

తోఫిస్ చూపు మెల్లగా మా లోయిజోస్ మీద వాలింది.

"వద్దు తోఫీ," అన్నాను, అతను నోరు విప్పకముందే.

"ఏం లేదు వదినా. బడిపిల్లల నాటకం తాలూకు టర్కీ సైనికుడి డ్రెస్సు ఒకటుంది. వీడికి మీసం ఉండనే ఉంది. దేశం కోసం ఒక్క గంట."

"మధ్య పొలంలో మందుపాతరలుంటాయి!"

"రోజూ మేకలు తిరగట్లా? ఒక్కదానికైనా ఏమన్నా అయిందా?"

"నా కొడుకు మేక కాదు."

"అందుకే అడుగుతున్నా. మేక చెప్పిన మాట వినదు."

లోయిజోస్ ద్రాక్షాకు చుట్టిన అన్నం ముద్ద నములుతూ, "సెలవిప్పిస్తావా బాబాయ్?" అన్నాడు.

"వారం ఇప్పిస్తా. కానీ అక్కడ నోరు తెరవకూడదు. తెరిచావో, మిలిటరీ జైలే."

ఒప్పుకున్నాడు. ఈ కాలం పిల్లలకి చావంటే లెక్కలేదు, సెలవంటే ప్రాణం.

ఆదివారం చర్చి ప్రార్థన కాగానే మంత్రిగారు వేంచేశారు. వెంట రాజధాని నుంచి తుపాకుల బలగం. ఆ కుర్రాళ్ళెవరికీ మావాడు తెలియదు. మంత్రిగారు బైనాక్యులర్‌లోంచి గుట్ట వైపు చూసి, "ఎంత క్రూరమైన ముఖం!" అన్నారు. లోయిజోస్‌ది అచ్చం మా అత్తగారి ముఖం. ఆ మాట కొట్టిపారేయలేకపోయాను.

"సార్, వెనకాల కొంచెం టెన్షన్ ఉంటే బాగుంటుంది," అంది టీవీ అమ్మాయి.

"గురి!" అన్నాడు ఆ బలగం కెప్టెన్. తుపాకులన్నీ నా కొడుకు వైపు లేచాయి.

పక్కనున్న కుర్రాడి చొక్కా పట్టుకున్నాను. "బాబూ, అందులో గుళ్ళు లేవు కదూ?"

"ఉన్నాయాంటీ. మంత్రులొచ్చినప్పుడు పెడతారు."

"నవ్వు వదినా, కెమెరా ఇటు తిరుగుతోంది," అన్నాడు తోఫిస్, తాను మాత్రం ఏడుపు ముఖంతో.

మంత్రిగారు మైకు అందుకున్నారు. "ఓయ్ పరాయి సైనికుడా! ఎవరి ఆర్డర్ మీద ఇక్కడ నిలబడ్డావు?"

గుట్ట మీద చప్పుడు లేదు.

"చూశారా! వాడి దగ్గర జవాబు లేదు!" చప్పట్లు మోగాయి. అక్కడితో ఆపొచ్చు. కానీ చప్పట్లు విన్న మంత్రిగారు ఆగడం మా ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. "మళ్ళీ అడుగుతున్నా. చెప్పకపోతే ఈ తుపాకులు అడుగుతాయి!"

కెప్టెన్ దాన్ని ఆర్డరే అనుకున్నాడు. కుర్రాళ్ళు తుపాకుల గొళ్ళాలు లాగిన టకటకా చప్పుళ్ళు వినిపించాయి.

"లోయిజోస్!" జనాన్ని తోసుకుని ముళ్ళతీగ దాకా పరిగెత్తాను. "చెప్పరా నాయనా! జైలైతే జైలే, క్యారేజీ నేను తెస్తాను!"

మైకు ఒక్కటే గుయ్యిమంటోంది. మంత్రిగారు నన్ను చూశారు, గుట్టని చూశారు, తోఫిస్‌ని చూశారు.

అప్పుడు గుట్ట మీద మావాడు రెండు చేతులూ పైకెత్తి, గొంతు చించుకుని అరిచాడు.

"మీ ఆర్డరే సార్!"