రాళ్లచెరువు మిగులు నీళ్లు

రాళ్లచెరువు ప్రజలు ఇకమీదట ఇష్టమొచ్చినట్టు నీళ్లు తాగడానికి వీల్లేదనీ, శాస్త్రీయంగా తాగవలసి ఉంటుందనీ 1962 ఏప్రిల్ నెలలో పంచాయతీ ఆఫీసు ముందు పందిరి వేసి, మైకు పెట్టి ప్రకటించారు. ప్రకటించినవారు నీటి రేట్ల నియంత్రణాధికారి గారు. అటువంటి ఉద్యోగం ఒకటుందని ఆ రోజు దాకా మా ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలియకపోవడం మా తప్పే. నీళ్లు లేని ఊరికి నీటి రేట్లు అదుపు చేయడానికి ఒక అధికారిని, ఆయనకొక జీపును, జీపుకొక డ్రైవరును ఇచ్చిన ప్రభుత్వాన్ని ఏమని పొగడాలో తోచక చప్పట్లు కొట్టాం.

శ్రీరంగప్ప అందరికంటే గట్టిగా కొట్టాడు. ఆయనకు యాడికి ఊరికి పోయే రోడ్డులో కిరాణా అంగడి, కొళాయిదారుల సంఘానికి అధ్యక్ష పదవి ఉన్నాయి. రెండింటిలోనూ పెద్ద బేరమేమీ లేదు. అయినా ఊళ్లో ఇళ్లకు కొళాయిలు వచ్చాయంటే అది ఆయన మూడేళ్లపాటు రాసిన అర్జీల పుణ్యమే. అంతకుముందు ఆయన భార్య లలితమ్మ మైలు దూరంలోని దిగుడుబావి నుంచి బిందెలు మోసేది. ముప్పై ఎనిమిది మెట్లు దిగాలి, నిండు బిందెతో మళ్లీ అన్నీ ఎక్కాలి. ఆమె మోకాళ్లు రెండూ అక్కడే అరిగిపోయాయి. కొళాయి పెట్టిన రోజు శ్రీరంగప్ప దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, "ఇంక నువ్వు బావికి పోయే పనే లేదుమ్మే" అని భార్యకు మాటిచ్చాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయన ఆమెకిచ్చిన మాటల్లో నిలబెట్టుకున్నది అదొక్కటే. అది కూడా వారానికొకసారి, గురువారం పొద్దున, అరగంట సేపు.

ఇప్పుడా కొళాయిలకు మీటర్లు వచ్చాయి. నల్లగా, గుండ్రంగా, లోపల ముల్లుతో చాలా అందంగా ఉన్నాయి. లలితమ్మ మీటరుకు కూడా బొట్టు పెట్టింది.

నెల తిరగ్గానే బిల్లు కలెక్టరు కుళ్ళాయప్ప వచ్చాడు. కళ్లకు కనపడింది రాసుకోవడం తప్ప సొంత అభిప్రాయమంటూ లేని మనిషి. సర్కారు కొలువుకు అంతకంటే అర్హత ఏం కావాలి. మీటరు ముందు గొంతుక్కూర్చుని అంకెలు చూసి, చీటీ రాసి శ్రీరంగప్ప చేతిలో పెట్టాడు.

"తొమ్మిది వేల గ్యాలన్లా? ఏమప్పా కుళ్ళాయప్పా, నేనేమన్నా ఇంట్లో ఏనుగులను సాకుతాండానా?"

"నాకేం తెలుసు శెట్టీ. మీటరు చూపించింది, నేను రాసినా."

"నెలంతా కలిపి నాలుగు దినాలు నీళ్లొచ్చినాయి. అవి గూడా దారమంత."

"మిగతా దినాలు ఏమొచ్చింది మరి?"

శ్రీరంగప్ప జవాబు చెప్పేలోపలే కొళాయి బుస్సుమంది. ఊరి చివర ట్యాంకు దగ్గర ఎవరో పంపు వేశారు. ట్యాంకులో నీళ్లు లేవు కాబట్టి పైపుల్లో ఉన్న గాలి ఊరి మీద పడింది. మీటరులో ముల్లు గిర్రున తిరిగింది. ఇద్దరూ దాన్ని కళ్లప్పగించి చూస్తూ ఉండిపోయారు. మీటరు గాలికి తిరుగుతోందని శ్రీరంగప్పకు అర్థమైంది. కుళ్ళాయప్పకు కూడా అర్థమైంది గానీ, అర్థం చేసుకోవడం ఆయన డ్యూటీలో లేదు. చీటీలో ఇంకో ఇరవై గ్యాలన్లు కలుపుకుని పోయాడు.

రెండో నెల బిల్లు పదకొండు వేల గ్యాలన్లకు వచ్చింది. దానితోపాటు ఒక నోటీసు కూడా వచ్చింది. ప్రజలు నీళ్లను విచ్చలవిడిగా వాడుతున్నందున, దుబారా అరికట్టే సదుద్దేశంతో రేటును రెండింతలు చేశామనీ, పదిహేను రోజుల్లో దుడ్లు కట్టనివారి కొళాయి పెరికివేయబడుననీ దాని సారాంశం. శ్రీరంగప్ప బిల్లు కంటే ఆ 'పెరికివేయబడును' అన్న మాటకే ఎక్కువ భయపడ్డాడు. ఆ రెండు బిల్లుల దెబ్బకు అంగడిలో చక్కెర బస్తా అప్పుగా తెచ్చుకోవలసి వచ్చింది. మూడోది కట్టే శక్తి ఆయనకు లేదు. కొళాయి పోతే లలితమ్మకు మళ్లీ ముప్పై ఎనిమిది మెట్లు.

అందుచేత తనకు తెలిసిన విద్యనే నమ్ముకుని ఎనిమిది పేజీల అర్జీ రాసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బస్సెక్కి నియంత్రణాధికారి గారి దర్శనానికి వెళ్లాడు. అధికారి గారు ఓపికగా విన్నారు. అర్జీ మొదటి పేజీ చదివారు కూడా.

"అయితే మీ కొళాయిలో గాలి వస్తోందంటారు."

"అవును సార్. గాలికి బిల్లు ఏసినారు."

"ఆ గాలి ఎవరి పైపులోంచి వచ్చింది?"

"సర్కారు పైపులోంచే సార్."

"చూశారా. మీ అనంతపురం జిల్లాలో బయట ఇంత గాలి వీస్తోంది. మీరు ఉచితంగా పీలుస్తున్నారు. మేమేమైనా బిల్లు వేశామా? వెయ్యలేదు. కానీ ప్రభుత్వం ఖర్చు పెట్టి, పంపు వేసి, పైపు ద్వారా ఇంటికి తెచ్చి ఇచ్చిన గాలి వేరు."

శ్రీరంగప్ప "పోనీ గాలికన్నా రేటు తగ్గియ్యండి సార్" అన్నాడు.

"గాలికి విడిగా రేటంటూ ఉంటే కదా తగ్గించడానికి! లేదు కాబట్టి నీళ్ల రేటే వర్తిస్తుంది. అది నియంత్రించడానికే నన్ను వేశారు." అధికారి గారు అర్జీని మడిచి ఫైలులో పెట్టి, దాని మీద ఎర్ర సిరాతో రాస్తూ పైకి చదివారు: "మీటరు పొరపాటు పడదు. ప్రజలే పడతారు."

ఇంత న్యాయంగా ఓడిపోవడం శ్రీరంగప్పకు అదే మొదలు. ఇంటికి వచ్చి అధికారి గారి తెలివితేటలను మెచ్చుకుంటూ భార్యకు మొత్తం వినిపించాడు. లలితమ్మ చేటలో వేరుశనగ గింజలు ఏరుతూ విన్నది.

"వాళ్లు ఊదితే ముల్లు ముందుకు తిరుగుతాది గదా. మనం ఊదితే యాడికి తిరుగుతాది?" అన్నది.

శ్రీరంగప్ప ఆమెను కోప్పడ్డాడు. ఆడవాళ్లకు సైన్సు తెలియదన్నాడు. ఆమె నీళ్ల కోసం పక్కింటికి పోగానే, వంగి కొళాయి నోట్లో పెట్టుకుని శక్తికొద్దీ ఊదాడు. బుగ్గలు పూరీల్లా ఉబ్బాయి, కళ్ల ముందు చుక్కలు కనపడ్డాయి. కానీ ముల్లు కదిలింది. వెనక్కి కదిలింది.

"నీ ఊపిరితో అయ్యే పని గాదులే," అన్నది లలితమ్మ వెనకనుంచి. ఆమె ఎప్పుడు వచ్చిందో ఆయన చూసుకోలేదు. "ఓబుళేసు కొలిమి తిత్తి తెప్పిచ్చు."

కమ్మరి ఓబుళేసు తన తిత్తి తెచ్చి, దాని గొట్టాన్ని గుడ్డపేలికలతో కొళాయికి బిగించి కట్టాడు. ఓబుళేసూ శ్రీరంగప్పా వంతులు వేసుకుని తొక్కారు. సాయంత్రానికి మీటరు రెండో నెల బిల్లు దాటి మొదటి నెల బిల్లులోకి వెళ్లిపోయింది. ఈ ఉపాయం తనదేనని శ్రీరంగప్ప కొళాయిదారుల సంఘం సమావేశంలో వినయంగా చెప్పుకున్నాడు.

ఆ తరువాత మా ఊరు మారిపోయింది. ఇంటికొక తిత్తి వెలసింది. ఓబుళేసు నాగలి కర్రులు చేయడం మానేసి తిత్తులే కుట్టాడు. తోలు చాలక ముదిగుబ్బ సంతకు మనిషిని పంపాడు. వానలు లేక చేలల్లో పనులు లేవు కాబట్టి తొక్కడానికి మనుషులకు కరువు రాలేదు. మా జిల్లాకు దేవుడు ధారాళంగా ఇచ్చింది గాలి ఒక్కటే. ఆ గాలిని సర్కారుకు తిరిగి పంపించే భాగ్యం మాకు అప్పుడు కలిగింది.

మూడో నెల కుళ్ళాయప్ప వచ్చాడు. పాత అంకె ఇరవై వేలు, కొత్త అంకె రెండు వేలు. తల గోక్కున్నాడు, ఇల్లిల్లూ తిరిగాడు. అన్ని ఇళ్లలోనూ అదే కథ.

"ఏం రాస్తావప్పా?" అన్నాడు శ్రీరంగప్ప.

"కనపడింది రాస్తా. పద్దెనిమిది వేలు, ముందర ఒక అడ్డగీత."

ఆ అడ్డగీత నియంత్రణాధికారి గారి బల్ల మీదికి వెళ్లింది. మీటరు చెడిపోయిందని రాయడానికి ఆయనకు వీల్లేదు. మీటరు పొరపాటు పడదని స్వహస్తాలతో, అదీ ఎర్ర సిరాతో రాసి ఉన్నారు. మూడు రోజులు ఆలోచించి, ఉన్న ఒకే ఒక్క దారి పట్టారు. కరువు కాలంలో, తమ నియంత్రణ ఫలితంగా, రాళ్లచెరువు ప్రజలు వాడుకోగా మిగిలిన నలభై లక్షల గ్యాలన్ల నీటిని ప్రభుత్వానికి తిరిగి ఇచ్చారని హైదరాబాదుకు రిపోర్టు పంపారు.

ఒకరోజు శ్రీరంగప్ప ఇంటి ముందు జీపు ఆగింది. ఆయన తిత్తిని బియ్యం బస్తాల వెనక తోసి, "నేను జైలుకు పోతే అంగడి చూసుకోమ్మే" అని చెప్పి, చేతులు ముందుకు చాపుకుంటూ బయటికొచ్చాడు. నియంత్రణాధికారి గారు ఆ చేతులను పట్టుకుని ఊపి, మెడలో పూలదండ వేశారు. మంత్రిగారు స్వయంగా వస్తున్నారట. కొళాయిదారుల సంఘ అధ్యక్షుడికి సన్మానమట.

ఊరంతా శ్రీరంగప్ప ఇంట్లో చేరింది. అందరూ ఒకే మాట అన్నారు. పెన్న ఒడ్డున బోరింగు వేసి, మా ఊరికి రోజూ నీళ్లొచ్చేట్టు పైపు వేయడానికి శాంక్షనయిన ఫైలు ఒకటి ఏడాదిగా పడి ఉంది. దాన్ని కదిలించగలిగేది మంత్రిగారే. గాలి సంగతి ఒప్పేసుకుని, బోరింగు అడగాలి.

"తన్నినా తన్నించుకో అన్నా, అడిగేది మాత్రం ఇడిచిపెట్టొద్దు," అన్నాడు ఓబుళేసు.

"దిగుడుబావిలో గూడా నీళ్లు అడుక్కు పోయినాయి," అన్నది లలితమ్మ. "ఈసారి నోరు తెరిచి చెప్పు. రాసేది కాదు, చెప్పేది."

అయినా అలవాటు కొద్దీ ఆయన రాసుకున్నాడు. సభ రోజున ఆ అర్జీ చొక్కా జేబులో పెట్టుకుని వేదిక ఎక్కాడు. మంత్రిగారు శాలువా కప్పారు. 'జలదాత' అని చెక్కిన వెండి కప్పు చేతిలో పెట్టారు. మైకు ముందుకు నెట్టి, "ఈ అద్భుతం ఎలా సాధించారో మీ నోటితోనే చెప్పండి శ్రీరంగప్ప గారూ" అన్నారు. ఒక మంత్రి ఆయనను 'గారూ' అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఫోటో తీసేవాడు "ఇట్లా చూడండి" అన్నాడు. శ్రీరంగప్ప చెయ్యి జేబు దాకా పోయింది. కానీ కప్పు బరువుగా ఉంది, రెండు చేతులూ కావలసి వచ్చాయి. ఆడవాళ్ల వరసలో లలితమ్మ ఆయన వంకే చూస్తోంది.

"ఇదంతా... మంత్రిగారి ప్రోత్సాహం," అన్నాడు జలదాత.

అప్పుడు మంత్రిగారు ఉద్వేగంతో మాట్లాడారు. నీళ్లు దానం చేసే ఊరికి బోరింగు ఇవ్వజూపడం ఆ ఊరిని అవమానించడమేనన్నారు. ఆ బోరింగును వెనకబడిన తమ సొంత తాలూకాకు మార్చినట్టు అక్కడికక్కడే ప్రకటించారు. ఆ వెంటనే నియంత్రణాధికారి గారు లేచి, ప్రతి ఇల్లూ మొన్నటి నెలలో ఇచ్చినన్ని గ్యాలన్లు ఇకమీదట నెలనెలా ప్రభుత్వానికి ఇస్తూ ఉండాలనీ, లెక్క తగ్గిన ఇంటి కొళాయి పెరికివేయబడుననీ ఉత్తర్వు చదివారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. మిగతావాళ్లం అందుకున్నాం.

ఇంటికొచ్చాక లలితమ్మ కప్పును అటకమీద పెట్టింది. ఏదైనా అంటే బాగుండునని శ్రీరంగప్పకు అనిపించింది.

మరుసటి నెల ఆఖరి గురువారం. మర్నాడే కుళ్ళాయప్ప వస్తాడు. శ్రీరంగప్ప లెక్కకు ఇంకా ఎనిమిది వందల గ్యాలన్లు తక్కువ ఉన్నాయి. తెల్లవారింది మొదలు తిత్తి తొక్కి తొక్కి ఆయన పిక్కలు పట్టేశాయి. ఉన్నట్టుండి కాలికింద తిత్తి బిగుసుకుపోయింది. గొట్టం ఎగిరి అవతల పడింది. కొళాయిలోంచి నీళ్లు దూకాయి. దారమంత కాదు, మణికట్టంత లావున, తేటగా, చల్లగా వచ్చాయి. ఎగువన ఎక్కడో వాన పడినట్టుంది. రెండేళ్లలో అట్లాంటి నీళ్లు ఆ కొళాయిలో ఎన్నడూ రాలేదు.

లలితమ్మ బిందె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆమె అంత వేగంగా నడవగలదని ఆయన మరిచిపోయాడు. బిందె కొళాయి కిందికి చేరేలోపల శ్రీరంగప్ప అడ్డం పడి, రెండు చేతులతో కొళాయి తిప్పి కట్టేశాడు.

"ఒక్క బిందెయ్యా," అన్నది ఆమె.

"వద్దుమ్మే! నీళ్లు పట్టుకుంటే ముల్లు ముందుకు తిరుగుతాది. రేపు వచ్చి కొళాయి పెరికేస్తారు. పెరికేస్తే మళ్లీ నువ్వు బావికి పోవాల్సొస్తాది."

వీధి పొడుగునా కొళాయిలు కట్టేస్తున్న చప్పుడు వినిపించింది. లలితమ్మ బిందె చంకనెత్తుకుని, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, దిగుడుబావి దారి పట్టింది.

శ్రీరంగప్ప పైపుకు చెవి ఆనించి కూర్చున్నాడు. లోపల నీళ్లు గలగలమంటున్నాయి. ఎదురింటి గడపలో ఓబుళేసు కూడా తిత్తి మీద కాలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"అన్నా, నిలిచినాయా నీళ్లు?"

"యాడప్పా! ఏం ఖర్మో, ఈసారి బాగా వస్తాండాయి."