కాదనని ఊళ్ళో ఇల్లు కొన్న విధం

ఇల్లు కొనాలంటే మా ఏలూరు వైపే కొనాలి! ఇంకెక్కడైనా అయితే 'మీకు అమ్మం' అని మొహం మీదే తలుపేస్తారు. మా వైపు అలా కాదు. కూర్చోబెట్టి, ఫ్యాన్ వేసి, కాఫీ ఇచ్చి, పిల్లల చదువులు అడిగి, గేటు దాకా వచ్చి మరీ సాగనంపుతారు. ఇల్లు మాత్రం ఇవ్వరు. ఇంత మర్యాద దేశంలో మరెక్కడైనా ఉందా?

ఈ మర్యాదవల్ల నేను పొందిన లాభాలు చెప్పకపోతే కృతఘ్నుణ్ణి అవుతాను.

నేనొక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. నా భార్య స్నేహలత నర్సు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అద్దె వాటాలే. ఏ ఓనరూ గోడకి మేకు కొట్టనివ్వడు. మా పెళ్ళి ఫొటో ఇన్నేళ్ళుగా బీరువా మీద వెల్లకిలా పడుకుని సీలింగు చూస్తోంది.

"నాకు బాల్కనీ వద్దు, మాడ్యులర్ కిచెన్ వద్దు. మేకు కొట్టుకోడానికి ఒక గోడ కొనిపెట్టండి చాలు" అంది స్నేహలత ఒకరోజు.

'అమ్మబడును' బోర్డు చూసి ముందుగా వెళ్ళింది శ్రీరంగనాయకులుగారి దగ్గరికి. బియ్యం వ్యాపారం చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. తన రెండో ఇల్లు అమ్మకానికి పెట్టారు.

"రండి మాస్టారూ, కూర్చోండి. మీలాంటి చదువుకున్నవాళ్ళకే ఇవ్వాలని నా కోరికండీ" అన్నారు. స్టీలు గ్లాసులో చిక్కటి కాఫీ వచ్చింది. గదులన్నీ చూపించారు. స్నేహలత హాలు గోడని వేలితో తట్టి చూసి, నా వంక తిరిగి నవ్వింది.

"ఇంటిపేరేంటండీ?" అన్నారాయన.

చెప్పాను. నా ఇంటిపేరు జిల్లాలో నాలుగైదు కులాలవాళ్ళకి ఉంది. ఆయనకి లెక్క తేలలేదు.

"పూర్తి పేరండీ?"

"సాల్మన్ అండీ."

"చాలా మంచి పేరండీ!" అన్నారు.

గమనించారా? పేరుని పొగిడారు! మళ్ళీ వారం వెళితే కాఫీ పేపరు కప్పులో వచ్చింది. కొందరు దీన్ని అపార్థం చేసుకుంటారు. నేను చేసుకోలేదు. వాళ్ళకి గ్లాసు కడిగే శ్రమ తప్పింది, నాకు సెలవు తీసుకునే వేళ తెలిసింది!

"మా అబ్బాయి అమ్మొద్దంటున్నాడండీ. ఏవనుకోకండి" అన్నారు.

ఏమీ అనుకోలేదు. 'అమ్మబడును' బోర్డు మాత్రం గేటుకి అలాగే వేలాడుతూ ఉండిపోయింది. పాపం, దించడానికి మనిషి దొరకలేదేమో!

తాడేపల్లిగూడెంలో గిరిధర్ అనే బిల్డరు ఇంకా సున్నితమైన మనిషి. "మీకు ఫ్లాట్ లేకపోవడమేంటండీ! కానీ ఇక్కణ్ణుంచి చర్చి దూరం సార్. ఆదివారం ఆదివారం ఇబ్బంది పడిపోతారు" అన్నాడు. నా ఆత్మ గురించి మా పాస్టరుగారు కూడా ఇంత బెంగ పెట్టుకోలేదు!

"మాకు స్కూటరుందండీ" అంది స్నేహలత.

"అబ్బే, అది కాదు మేడం. అపార్ట్‌మెంట్ అంతా ప్యూర్ వెజ్ అండీ."

సరిగ్గా అప్పుడే లిఫ్టు తలుపు తెరుచుకుని కొరమేను పులుసు వాసన గుప్పుమంది.

"అది వాచ్‌మన్ వంటండీ" అన్నాడు గిరిధర్. మూడో అంతస్తులోనూ అదే వాసన. కింద వండితే మూడు అంతస్తులు ఎక్కే పులుసు! ఆ వాచ్‌మన్ చేతి మహిమ ఏమని చెప్పను?

ఆకివీడు రోడ్డులో ఒక వెంచర్లో మాత్రం మమ్మల్ని పేరే అడగలేదు. నిన్నమొన్నటిదాకా చేపల చెరువు. మట్టి పోసి, రాళ్ళు పాతి, ప్లాట్లన్నారు. "మాకు అందరూ ఒకటేనండీ" అంటున్న ఏజెంటు బూట్లు మాట్లాడుతుండగానే బురదలోకి దిగిపోయాయి. సమానత్వం కావాలంటే కాస్త లోతుకి దిగాలి మరి!

ఆరోజు స్నేహలత ఇంటికొచ్చి, హెల్మెట్ తియ్యకుండానే మంచం మీద కూర్చుని, "మనం ఏం తప్పు చేశామండీ?" అంది.

పాఠకులారా, వ్యంగ్యం రాసేవాడికి అలాంటప్పుడు ఏదో ఒక చమత్కారం తోచాలి. నాకేమీ తోచలేదు.

కొన్నాళ్ళకి శ్రీరంగనాయకులుగారే ఫోన్ చేశారు. "మాస్టారూ, మా అబ్బాయి ఒప్పుకున్నాడండీ!"

అసలు సంగతి మెల్లగా తెలిసింది. ఇంటికి నైరుతిలో బోరుందట. ఆయనకి నచ్చిన పేర్లవాళ్ళందరూ వచ్చి, ఆ బోరు చూసి, కాఫీ తాగి వెళ్ళిపోయారట. "మీకు వాస్తు పట్టింపు ఉండదు కదండీ!" అన్నారాయన ఎంతో ప్రేమగా. నా మతంలో ఉన్న సుగుణం ఆయనకి అప్పుడు కనబడింది!

కొన్నాం. తాళాలు చేతికొచ్చిన రోజే స్నేహలత తనే సుత్తి పట్టి మేకు కొట్టింది.

కథ ఇక్కడితో అయిపోతే మా ఊరి మర్యాదకే అవమానం. ఈమధ్య పక్కింటి లక్ష్మీకాంతంగారు తన ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఒక సాయంత్రం చేతులు నలుపుకుంటూ వచ్చారు.

"రేపు ఇల్లు చూడ్డానికి పార్టీ వస్తున్నారండీ. ఆ కాసేపూ మీరూ అమ్మగారూ అలా సినిమాకి వెళ్ళొస్తే బాగుంటుందేమోనండీ. టికెట్లు నేనే తీస్తాను."

చూశారా అభివృద్ధి! ఒకప్పుడు మాకు ఇల్లే ఇవ్వలేదు. ఇప్పుడు మా ఇంట్లోంచి మేం బయటికి వెళ్ళడానికి బాల్కనీ టికెట్లు ఇస్తున్నారు!

"సినిమా వద్దులెండి అన్నయ్యగారూ. రేపు మా ఇంట్లో ప్రార్థన ఉంది. మీ పార్టీని కూడా భోజనానికి రమ్మనండి" అంది స్నేహలత. అంతకంటే మర్యాదగా ఎవరు చెప్పగలరు?

మర్నాడు కారు వచ్చేసరికి నేను వరండాలో నిలబడి ఉన్నాను. దిగినాయన నన్ను చూసి పలకరింపుగా నవ్వి, పేరడిగాడు. నా పేరూ, మా నాన్నగారి పేరూ, తాతగారి పేరూ స్పష్టంగా చెప్పాను. ఆయన "చాలా సంతోషమండీ" అని, ఇల్లు చూడకుండానే కారెక్కాడు.

కారు మలుపు తిరగ్గానే లక్ష్మీకాంతంగారు గేటు తోసుకుని వచ్చారు.

"ఏంటయ్యా ఇది? సరిగ్గా ఇప్పుడే నిలబడాలా నువ్వు? మీ పక్కన ఇల్లంటే ఎవడు కొంటాడు?"

'అండీ' లేదు, 'మాస్టారూ' లేదు!

"నా వరండా! నా ఇష్టం! అసలు మా పక్కన ఉంటే నీకేంటయ్యా నష్టం?" అని నేనూ అరిచాను. వీధివీధంతా బయటికొచ్చి చూసింది. గొంతు బొంగురుపోయేదాకా పోట్లాడుకున్నాం.

లోపలికి వచ్చి కూర్చుంటే స్నేహలత మంచినీళ్ళిచ్చింది. ఇల్లు వెతకడం మొదలుపెట్టాక, మా గురించి అనుకునే మాట మాతోనే అన్న మొదటి మనిషి లక్ష్మీకాంతం. ఇన్నాళ్ళూ కాఫీలు తాగి, థాంక్సండీ అని చెప్పి వచ్చేసినవాడికి, తిరిగి అరవడానికి ఒక మనిషి దొరికాడు.

ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.