పోయినాయన పేరు మీద

ఆ ఉదయం, ఊళ్ళో ఇళ్ళ ప్లాన్లు గీసే గీతల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కంప్యూటరు ముందు కూర్చోవాలి, బడి భవనం ప్లానులో మిగిలిన మెట్లు గీయాలి, పన్నెండింటికి కమిటీవాళ్ళు రాగానే చేతిలో పెట్టాలి. ఇరవై ఏళ్ళుగా జనం ఆయన చేత ప్రహరీగోడలూ స్నానాలగదులూ తప్ప ఏమీ గీయించలేదు. ఈ బడి దక్కితే తానూ ఒక మనిషినవుతానని ఆయన ఆశ. ఆలస్యమైతే పక్కవీధి ఇంజనీరుకిచ్చేస్తామని కమిటీ ముందే చెప్పింది.

ఆ కంప్యూటరు నెల కిందట కొన్నది. ఏదో కంపెనీవాళ్ళు వాడి తీసేసిన సరుకు. "అంతా చెరిపేసి శుభ్రంగా ఇస్తానండీ. ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేరుకి లైసెన్సు మాత్రం మీరే కొనుక్కోవాలి" అన్నాడు పాత కంప్యూటర్ల దుకాణదారు. ఆ ఖరీదైన సాఫ్ట్‌వేరు లోపలే ఉందని మాస్టారు కనిపెట్టారు. పాస్‌వర్డు చీటీ కూడా కీబోర్డు కిందే అంటించి ఉంది. "చెరపొద్దు, ఉన్నదున్నట్టు ఇచ్చెయ్" అన్నారు. ఈయన ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకమని ఆయన భార్య పెళ్ళైన వారంలోనే గ్రహించింది.

తెర వెలిగింది. కళ్ళజోడు పెట్టుకున్న ఓ పెద్దమనిషి ఫొటో, కింద "స్వాగతం సార్" అన్న మాట రోజూలాగే వచ్చాయి. ఎవరో ఏమో, మర్యాదస్తుడనుకుని మాస్టారు పనిలో పడ్డారు.

కాసేపటికి తెరమీది బాణం కదిలింది. మాస్టారి చెయ్యి మౌస్ మీద లేదు. బాణం మెల్లగా మెట్ల దగ్గరికి పాకి, ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ పైకెక్కింది. తెర నెత్తిన కెమెరా పక్కనున్న చిన్న దీపం దానంతటదే వెలిగింది.

"ఇదిగో, ఇలా రా! మౌస్ నువ్వు కదిపావా?"

"వంటింట్లోంచి కదపడానికి నాకేమైనా పది చేతులున్నాయా?" అంటూ భార్య వచ్చి, తెర చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

టీ తాగడానికి వచ్చిన బావమరిది కూడా లేచాడు. ఒకసారి బ్యాటరీలు మార్చి టీవీ రిమోట్ బాగుచేసినప్పటి నుంచి ఆ ఇంట్లో యంత్రాలకి అతనే పెద్దదిక్కు.

"వైరు పీకేద్దాం బావా!"

"పీకితే మళ్ళీ తెరుచుకోకపోతే? ప్లానంతా అందులోనే ఉందిరా!"

ఇంతలో తెరమీద తెల్లటి పెట్టె ఒకటి తెరుచుకుంది. అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి: ఎవరు మీరు? ఈ సీట్లో మనిషి పోయి ఎనిమిది నెలలైంది.

భార్య వచ్చి మాస్టారి భుజం పట్టుకుంది. బావమరిది దుకాణదారుకి ఫోన్ కలిపాడు.

"అవునండీ, అది వాడినాయన పోయారు. కుర్చీలోనే" అన్నాడు దుకాణదారు తాపీగా. "అందుకేగా అంత చవగ్గా ఇచ్చాను! చెరిపేస్తానంటే వద్దన్నది మీరేగా!"

మాస్టారు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు.

"పోయినవాళ్ళతో పేచీ ఏంటండీ? మర్యాదగా బతిమాలుకోండి" అంది భార్య, ఆయన భుజం వదలకుండానే.

మాస్టారు ఆ పెట్టెలోనే కొట్టారు: అయ్యా, కోప్పడకండి. ఒక్క పని మిగిలిపోయింది. పన్నెండింటికల్లా పూర్తిచేసుకుని, ఇక మళ్ళీ రాకుండా వెళ్ళిపోతాను.

బాణం ఉలిక్కిపడింది. చాలాసేపు కదల్లేదు. తర్వాత అక్షరాలు తడబడుతూ వచ్చాయి: సార్, మీరేనా? మీ బల్లమీది మొక్క ఎండిపోయిందని వచ్చారా? రోజూ నీళ్ళు పోశాను సార్, ఒట్టు!

"దయ్యం మనకెందుకక్కా సంజాయిషీ చెప్తోంది?" అన్నాడు బావమరిది.

అప్పుడు కంప్యూటర్లోంచి ఆడగొంతు వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది. బావమరిది తలుపు వెనక్కి చేరాడు. మాస్టారి భార్యకి మాత్రం ఏడుపు వినగానే భయం పోయింది.

"ఎవరమ్మా నువ్వు? ముందా ఏడుపాపు."

"కంపెనీలో లైసెన్సులు చూసేదాన్నండీ. ఆఫీసులోంచే ఈ కంప్యూటర్లోకి వచ్చాను, కెమెరాలో నీడ తప్ప ఏమీ కనపళ్ళేదు. మీరు... బతికే ఉన్నారా?"

"నిక్షేపంలా ఉన్నాం!"

"మరి మా సారు పేరుతో రోజూ పనిలోకి దిగుతున్నదెవరండీ? వారం నుంచి మా ఆఫీసులో ఒక్కరూ ఆయన గది వైపు వెళ్ళట్లేదు!"

ఇన్నాళ్ళూ అవతల దయ్యమై తిరుగుతున్నది తానేనని మాస్టారికి అప్పుడర్థమైంది. సిగ్గుపడుతూ ఉన్నది చెప్పారు.

"మేం అమ్మింది డబ్బా ఒక్కటేనండీ" అందామె ముక్కు తుడుచుకుంటూ. "సాఫ్ట్‌వేరు మాది కాదు, వాడుకోవడానికి మాకు అనుమతిచ్చారంతే. మాది కానిది మీకెలా అమ్ముతాం? లోపలున్నదంతా ఇప్పుడే చెరిపెయ్యాలి."

"తప్పు నాదేనమ్మా" అన్నారు మాస్టారు. " తేరగా వచ్చిందని కళ్ళు మూసుకున్నాను. కానీ ఆ మెట్లు నావి. ఇరవై ఏళ్ళకి దొరికిన పని."

అవతల మీటలు టకటకా నొక్కిన చప్పుడైంది.

"ఇందాక చూశాను. పిల్లలెక్కే మెట్లని మా సారు కూడా అంతే తక్కువ ఎత్తు పెట్టేవారు" అందామె. "పది నిమిషాలిస్తాను, కాగితం మీదకి తీసుకోండి. మీ ఫోన్ నంబరు చెప్పండి, రాసుకోవాలి."

ప్లాను కాగితం మీదికి వచ్చింది. పదో నిమిషాన పెద్దమనిషి ఫొటో మెల్లగా మాసిపోయి, తెర నల్లబడింది. ఎందుకో మాస్టారికి దండం పెట్టాలనిపించి పెట్టారు. గీయని మూడు మెట్లూ పెన్సిలుతో గీశారు. పన్నెండింటికి కమిటీ పెద్ద కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఆ మూడు మెట్ల దగ్గర ఆగాడు. "చేత్తో ఇంత నిక్కచ్చిగా గీసేవాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట!" అని బడి పని ఆయనకే ఇచ్చేశాడు. మాస్టారు లోపలికెళ్ళి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నారు.

ప్లాను సంగతి కనుక్కోవడానికి ఆమే సాయంత్రం ఫోన్ చేసింది. తన పేరుతోనే లైసెన్సు కొనుక్కుంటానని మాస్టారు మాటిచ్చారు. ఆమె సంతోషించి, ఇంకో చిక్కొచ్చిందని చెప్పింది. వాళ్ళ కంపెనీలో పనిగంటలు చూసేదీ కంప్యూటరే కాబట్టి, ఆ నెల ఉత్తమ ఉద్యోగిగా పోయినాయన పేరు అప్పటికే అచ్చయిపోయిందట.